ఎర్ర కండెలు

12 డిసెంబరు 1977, సోమవారం

భావనారాయణ పెడన నుంచి వచ్చాడు. కొట్లో ఆడవాళ్ళు చీరలు తిరగేస్తుంటే గుమ్మం అవతల చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సొంత అన్న కొట్లోకి రావడానికి కూడా వాడికి ఎవరో రమ్మనాలి. బేరం తెమిలేదాకా నేను చూడనట్టే ఉన్నాను.

"అన్నయ్యా, నన్ను సింగపూరు పంపిస్తారంట," అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. అక్కడ చేనేత ఎగ్జిబిషన్ పెడుతున్నారట. జనం ముందు మగ్గం మీద కూర్చుని నేసి చూపించాలట. ఉప్పెన తరువాత పెడన చూడ్డానికి వచ్చిన ఆఫీసర్లు, నీళ్ళు నిండిన మగ్గం గుంట పక్కన వీడు ఆరబెట్టుకుంటున్న చీర చూసి పేరు రాసుకుపోయారట. జనవరి పన్నెండున మొదలు. విమానం ఖర్చు, తిండి, బస అన్నీ వాళ్ళవే.

నాకు నలభై ఆరేళ్ళు. నేను మద్రాసు దాటలేదు. నోట్లో నాలుక లేనివాడికి విమానం.

తరువాత అసలు సంగతికి వచ్చాడు. నాలుగు మగ్గాలూ పోయాయి, రెండైనా నిలబెట్టుకుంటే సింగపూరు ఆర్డర్లు అందుకోవచ్చు, రెండువేలు సర్దమన్నాడు. కసిరి పంపించాను. నేను మగ్గం దిగి పాతికేళ్ళయింది, ఎవరిని అడిగి దిగాను, ఎవరిని అడిగి కొట్టు పెట్టాను? మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళాడు. తాగమని నేనూ అనలేదు.

కలం మళ్ళీ కక్కింది. ఈ పేజీ కింద సగం మరకే.

15 డిసెంబరు

తిరుపతిరావు వచ్చాడు. వన్‌టౌన్‌లో విదేశీ వాచీ కట్టుకున్న వాళ్ళలో సగంమంది చేతికి అది వాడి ద్వారా వచ్చిందే. తమ్ముడి సంగతి మాటవరసకి అంటే లేచి నిలబడ్డాడు.

"మీ దగ్గర వెయ్యి రూపాయల నోట్లు ఉన్నాయి గదండీ. ఇక్కడ అయి బయటికి తీస్తే ఎక్కడివంటారు. అక్కడ ఎవడూ అడగడండీ. మనోడు బసవయ్యని సింగపూర్లో ఉన్నాడు, బందరువాడే. నోట్లు డాలర్లు చేస్తాడు, డాలర్లు వాచీలు చేస్తాడు, వాచీలు ఓడలో వస్తయ్. ఒకటికి రెండు. మన రూపాయలు దేశం దాటించడం నేరం గాబట్టి మోసే మనిషే దొరకడు."

మనిషి ఉన్నాడు అన్నాను.

నలభై నోట్లు. ఎక్కడివో ఇక్కడ రాయనక్కర్లేదు. ఉప్పెన సహాయం కింద నేతగాళ్ళకి పంచమని నా కొట్టుకి పంపిన నూలు సంగతి నాకూ దేవుడికీ తెలుసు. మగ్గాలు మునిగిపోయినవాళ్ళు నూలు ఏం చేసుకుంటారు? తలకి చుట్టుకుంటారా? పాడైపోతుందని అమ్మాను.

21 డిసెంబరు

వాణ్ణి బ్యాంకుకి నేనే తీసుకెళ్ళాను. పెద్దన్న తోడుండాలి కదా.

మూడు ఫారాలు. ఎందుకు వెళుతున్నావు, ఎవరు పంపుతున్నారు, ఎన్నాళ్ళు. క్లర్కు పాస్‌పోర్టు వెనక పేజీలో ముద్ర వేసి, చేతి ఖర్చుకి ఎనిమిది డాలర్లు లెక్కపెట్టి ఇచ్చాడు. మన డబ్బు అరవై ఎనిమిది రూపాయల చిల్లర నేనే కట్టాను. (తరువాత ఇస్తానన్నాడు.) ఇంకో దేశం వెళ్ళేవాడికి ఎనిమిది డాలర్లు. కాఫీకి వస్తాయో రావో.

వాడు మాత్రం ఆ కాగితాలు కళ్ళకద్దుకున్నాడు. మడత పెట్టకూడదేమోనని క్లర్కుని అడిగాడు. క్లర్కు నవ్వాడు, నేనూ నవ్వాను. రిక్షాలో అడిగాడు, "అన్నయ్యా, నీకేం తీసుకురాను?" అని. ఎనిమిది డాలర్లకి నాకు ఏం తెస్తావురా, క్షేమంగా రా చాలు అన్నాను. అప్పుడే చొక్కా జేబులో ఉన్న కలం కక్కి గుండె మీద నీలి మరక పడింది. వాడు చూసి, "ఇది నా చిన్నప్పటి నుంచీ ఇంతే," అన్నాడు.

28 డిసెంబరు

సుబ్బరత్నం ఇవాళ మధ్యాహ్నం అటక మీంచి రాట్నం దింపింది. మా ఆవిడ నేతింటి ఆడపడుచే. కొట్టు పెట్టాక మానేసింది కానీ వేళ్ళు మరిచిపోలేదు. రెల్లు పుల్ల కండె మీద నోటు బిగించి చుట్టి, దాని మీద ఎర్ర నూలు చుడితే, మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టి నూలంతా నేస్తే తప్ప లోపల ఏముందో బ్రహ్మకి కూడా తెలియదు. ఈ ఉపాయం నాదే. మోసేవాడు నేతగాడు. నేతగాడి పెట్టెలో కండెలు కాక ఏముంటాయి?

మొదటిది పూర్తవగానే ఆవిడ లేచి వెళ్ళి పసుపు తెచ్చి అద్దింది.

"ఎందుకది?"

"మొదటిది గదండీ," అంది.

ఆడవాళ్ళ చాదస్తం, పోనీ అన్నాను.

ముప్పై అయ్యాక చెయ్యి ఆపింది. "భావన్నకి చెప్పారా?"

"చెప్పలేదు."

"చెప్పండి. పట్టుబడితే పాపం ఎందుకో కూడా తెలీకుండా పోతాడు."

"తెలియనివాడికి భయం ఉండదు. భయం లేనివాడి పెట్టె ఎవడూ విప్పడు," అన్నాను.

"నేను చుట్టిన కండెకీ హనుమాయమ్మ చుట్టినదానికీ తేడా వేలు పెడితే తెలుస్తుంది అతనికి."

అదే మంచిది. పెళ్ళాం చెయ్యి కాక వేరే చెయ్యి చుట్టిన కండెతో నేతగాడు నెయ్యడు, పక్కన పెడతాడు. ఆ మాట చెప్పాను. ఆవిడ మిగతా పదీ చుట్టింది.

నలభై ఎర్ర కండెలు. బిస్కెట్ల డబ్బాలో పట్టాయి.

3 జనవరి 1978

నిద్ర సరిగా లేదు. వాడి గురించి కాదు, డబ్బా మూత వదులుగా ఉంది.

7 జనవరి

మద్రాసు రైలు ఎక్కించాను. హనుమాయమ్మ కూడా స్టేషనుకి వచ్చింది. విడదీసిన మగ్గం బద్దలు, అచ్చు, తను చుట్టిన కండెల సంచీ, అన్నీ ఆ అమ్మాయే సర్దింది. డబ్బా నేను చేతికిచ్చాను.

"ఇవి నమూనా కండెలు. బసవయ్య అని మన బందరాయన నీ దగ్గరికి వస్తాడు. ఎర్ర కండెలు ఇమ్మంటాడు. ఇచ్చెయ్యి. అంతదాకా ముట్టుకోకు."

"అట్టాగే అన్నయ్యా." ఎందుకు, ఏమిటి అని అడగలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. నూతిలో దూకమంటే లోతెంత అని అడగడు.

నా కాళ్ళకి దండం పెట్టి ఎక్కాడు. రైలు కదిలాక కొంచెం గుండె పట్టేసినట్టయింది. పొద్దున తిన్న పెసరట్టు వల్ల.

12 జనవరి

ఇవాళ ఎగ్జిబిషన్ మొదలు.

15 జనవరి, ఆదివారం

బసవయ్య టెలిగ్రాం. తిరుపతిరావు తెచ్చి చదివి వినిపించాడు. కండెలు అందాయి, అన్నీ విప్పాను, దారం తప్ప ఏమీ లేదు, ఆటలేమిటి అని.

రెండుసార్లు చదివించాను.

దొంగ వెధవ. నా తమ్ముడే. కండెలు విప్పి, నోట్లు తీసుకుని, మళ్ళీ నూలు చుట్టి ఇచ్చాడు. వీడా నోట్లో నాలుక లేనివాడు? నాకు పదేళ్ళప్పుడు అమ్మ పోతే వీణ్ణి భుజాన మోసింది నేను. వీడికి పెళ్ళి చేసింది నేను. ఆస్తి పంచుకున్నప్పుడు పాత మగ్గాలు నాలుగూ వీడికే వదిలేసి ఇల్లొక్కటే నేను ఉంచుకున్నాను.

పండుగ అరిసెలు పెట్టింది సుబ్బరత్నం. కంచం తోసేశాను. "అతను అట్టాంటివాడు కాదండీ," అంది. నోరు మూసుకోమన్నాను. పాముకి పాలు పోశాను.

16 జనవరి

కొట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాను. వెయ్యి, అయిదువేలు, పదివేల నోట్లు ఇక చెల్లవట. ఉన్నవాళ్ళు మూడు రోజుల్లో బ్యాంకులో ఎక్కడివో రాసిచ్చి మార్చుకోవాలట.

నవ్వొచ్చింది. నిజంగానే పైకి నవ్వాను. చీరల బేరానికి వచ్చినావిడ తనని చూసి నవ్వాననుకుంది. దొంగకి భలే శాస్తి. నలభై కాగితాలూ వాడి చేతిలో చిత్తు కాగితాలయ్యాయి. దేవుడున్నాడు.

ఆ నలభైవేలు నావని గుర్తుకు రావడానికి కాఫీ తాగినంతసేపు పట్టింది.

18 జనవరి

బ్యాంకు ముందు పెద్దపెద్దవాళ్ళు ఫారాలు పట్టుకుని మొహాలు దించుకుని లైను కట్టారు. నేను అటు వైపు నుంచి తలెత్తుకుని నడిచాను. నా దగ్గర ఒక్కటి కూడా లేదు కదా.

24 జనవరి

వాడి దగ్గర నుంచి ఉత్తరం. ఇక్కడ అంటించి పెడుతున్నాను.

"అన్నయ్యకి, వదినకి నమస్కారాలు. నేను క్షేమం. పన్నెండో తారీఖున పడుగు ఎక్కించాను. మన ఇంట్లో కొత్త పడుగుకి మొదటి కండె పెద్దకోడలు చుట్టి పసుపు పెట్టింది ఉండాలి గదా, అమ్మ ఉన్నప్పటి నుంచీ ఆ పద్ధతే గదా. వదిన రాట్నం మానేశాక అది కుదరట్లేదు. ఇప్పుడూ హనుమాయమ్మ చుట్టినవే తెచ్చుకున్నాను, దేశంకాని దేశంలోనూ పద్ధతి తప్పింది అని బాధపడుతూ నువ్విచ్చిన డబ్బా తీశాను. పసుపు పెట్టిన కండె పైనే ఉంది. ముట్టుకోవద్దన్నావు గానీ ఇది నాకోసమే అనుకున్నాను. నువ్వు మగ్గం దిగి పాతికేళ్ళయినా మర్చిపోలేదు. దాంతోనే తొలి పోగు వేశాను.

నూలు అయిపోతుంటే లోపల కాగితం కనబడింది. చుట్టూ తెల్లవాళ్ళు నిలబడి చూస్తున్నారు. అరచేత్తో మూసి కండె తీసి రొంటిన దోపుకున్నాను. గదికొచ్చి విప్పితే వెయ్యి రూపాయల నోటు. మిగతావి కూడా విప్పి చూశాను. నలభై.

ఎనిమిది డాలర్లతో వీడు ఏం తింటాడో అని నువ్వు ఈ పని చేశావు. మగ్గాలకి డబ్బు అడిగితే ఆ రోజు కసిరావు. ఇంటికెళ్ళి చెబితే హనుమాయమ్మ ఏడ్చింది. చేతికిస్తే నేను తీసుకోనని ఇట్టా పెట్టావని ఇప్పుడు తెలిసింది. గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను అన్నయ్యా. నాన్న ఉన్నా ఇంత చెయ్యడు.

తిండి వీళ్ళే పెడుతున్నారు. నీ కష్టార్జితం ఒక్క నోటు కూడా మార్చను. మళ్ళీ ఆ నూలే చుట్టి, ఎట్టా ఇచ్చావో అట్టా తెచ్చి వదిన చేతిలో పెడతాను. అప్పుడు నువ్వు ఇస్తే రెండువేలు తీసుకుంటాను.

బసవయ్యగారు వచ్చి ఎర్ర కండెలు అడిగారు. నమూనాకి ఏవయితేనేం అని హనుమాయమ్మ చుట్టిన ఎర్రవి ఇచ్చాను. పసుపు పెట్టి ఇచ్చినవి పరాయివాళ్ళ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. తప్పయితే క్షమించు. ఇరవై తొమ్మిదిన విమానం మద్రాసులో దిగుతుంది."

సుబ్బరత్నం చేత చదివించాను. చదవలేక మధ్యలో ఆపింది. నాకు సిగ్గేసింది. రాయకూడదు కానీ రాశాను, కొట్టెయ్యను.

సాయంత్రానికి ఆలోచన కుదుటపడింది. సిగ్గెందుకు? పద్ధతి ప్రకారం బసవయ్యకి డబ్బా ఇచ్చి ఉంటే పద్నాలుగునే డాలర్లయ్యేవి. పదహారు నాటికి ఆ చెల్లని కాగితాలు ఇంకెవడి నెత్తినో పడేవి. వీడి ప్రేమ నలభైవేలకి వచ్చింది.

25 జనవరి

"టెలిగ్రాం ఇవ్వండి," అంటోంది సుబ్బరత్నం. పొద్దున్న లేచిన దగ్గర నుంచీ అదే మాట. "కండెలు పారెయ్యమని ఇవ్వండి. పోయిన డబ్బు ఎట్టాగూ పోయింది. ఇప్పుడతనికి లోపల ఏముందో తెలుసు. మొహంలో కనపడిపోద్ది. అబద్ధం ఆడలేడండీ అతను."

నిజమే. వాడు చిన్నప్పుడు జామకాయ దొంగిలిస్తే చెట్టు కిందే నిలబడి ఏడ్చేవాడు.

26 జనవరి

సెలవు. టెలిగ్రాఫ్ ఆఫీసు తెరిచే ఉంది. వెళ్ళాను.

ఫారం తీసుకుని కండెలు పారెయ్, వివరాలు ఇంటికొచ్చాక అని తెలుగులో రాశాను. ఇంగ్లీషులో రాయాలన్నాడు క్లర్కు. రాయించాను. చదివి పైకి చూశాడు. "పంపేవాళ్ళ పేరు, అడ్రసు కింద పూర్తిగా రాయండి," అన్నాడు.

పేరు. అడ్రసు. పారెయ్. సింగపూరు. రేపు ఎవడైనా పెట్టె విప్పితే ఈ కాగితం మొదట దొరుకుతుంది. కలం పట్టుకుని నిలబడ్డాను. సిరా కారి ఫారం మీద బొట్టు పడింది. వెనక ఎవరో తొందర పెడుతున్నారు. ఫారం చింపి జేబులో వేసుకుని బయటికి వచ్చాను.

దొంగపేరు పెట్టి పంపొచ్చు కదా అంటారు. అన్నయ్య పేరు లేకపోతే వాడు పారెయ్యడు, అది ఒకటి. రెండోది, బయట దేశంలో ఉన్నవాళ్ళకి నోట్లు మార్చుకోవడానికి ఇంకో అయిదు రోజులు ఎక్కువిచ్చారని తిరుపతిరావు అన్నాడు. ఆ గడువు మొన్నటితో అయిపోయింది. కానీ గడువులు పెంచుతుంటారు. పారేశాక పెంచితే? నలభైవేలు సముద్రంలో వేసుకుని ఏడవాలి.

హోటల్లో రెండు ఇడ్లీ తిని ఇంటికి వచ్చాను.

"ఇచ్చారా?" అంది.

ఇచ్చానన్నాను. ఇవ్వడానికే వెళ్ళాను, డబ్బులు కూడా తీశాను. సగం ఇచ్చినట్టే.

ఆవిడ దేవుడి గూటిలో దీపం పెట్టింది.

29 జనవరి, ఆదివారం

ఇవాళ దిగుతాడు.

30 జనవరి

రాలేదు.

31 జనవరి

మద్రాసు నుంచి కొట్టుకి ట్రంకాల్. వాడితో వెళ్ళివచ్చిన ఆఫీసరు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు ఆపారట. డబ్బాలో ఏముందంటే కండెలు అన్నాడట, అంటూనే చెమటలు పట్టి గోడకి చేరగిలబడ్డాడట. ఒక కండెకి ఈ పసుపేమిటని అడిగితే ఏడ్చాడట. దాంతో అన్నీ విప్పారు.

తెలిసినవాడికి భయం. నేను అన్నదే.

"ఎవరివి అంటే నావే అంటున్నాడండీ," అన్నాడు ఆఫీసరు. "నెలకి నూట యాభై రానివాడికి నలభైవేలు ఎక్కడివండీ? మీకేమన్నా తెలుసా?"

"తెలీదండీ. వేరుపడి పదేళ్ళయింది," అన్నాను. ఆయన అడక్కుండానే రెండోసారి కూడా అన్నాను. తమ్ముడనే బాధ అనుకుని ఉంటాడు.

చెల్లని కాగితాలకి కేసేమిటో నాకు అర్థం కాదు.

6 ఫిబ్రవరి

హనుమాయమ్మ వచ్చి వరండాలో కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. కాపు కాసి నన్ను పట్టుకుంది.

"బావగారూ, ఆయన వెళ్ళేటప్పుడు నేను సర్దిన సంచీలో ఎర్రవి ఇరవై. మీ డబ్బాలోవి నేను చుట్టినవి కాదు."

"ఏమంటావు అయితే?"

"ఏమీ అనట్లేదండీ. ప్లీడరుని పెట్టండి, చాలు."

పెడతానన్నాను. ప్లీడరుకి ఊరికే రాదు కదా. పెడనలో ఆ అమ్మాయి పేర ఉన్న స్థలం, రెండు సెంట్లు, నా పేర రాస్తే ఖర్చులు నేను చూసుకుంటానన్నాను. బయటివాడైతే ఆ ఉప్పునేలకి పైసా ఇవ్వడు. వేలిముద్ర వేసేటప్పుడు ఆ అమ్మాయి ఏడవలేదు. నాకే కళ్ళు చెమర్చాయి.

13 ఫిబ్రవరి

మద్రాసు జైల్లో చూశాను. గడ్డం పెరిగింది. కమ్మీల అవతల నుంచే వంగి దండం పెట్టబోయాడు.

"నీ పేరు ఎక్కడా రానివ్వలేదన్నయ్యా."

చుట్టూ చూశాను. మెల్లగా మాట్లాడమన్నాను.

"చెల్లవని అక్కడే విన్నాను," అన్నాడు. "ఇరవయ్యో తారీఖునే. అయినా నువ్వు పెట్టినవి. సముద్రంలో వెయ్యబుద్ధి కాలేదు. నీకు తెలిసినవాళ్ళుంటారు, ఎట్టాగైనా మార్చుకుంటావేమో అనుకున్నా."

"టెలిగ్రాం అందలేదా?" అన్నాను. అదెందుకు అన్నానో నాకు తెలియదు. పక్కన సుబ్బరత్నం ఉంది, అందుకు.

"ఏ టెలిగ్రాం?"

"దారిలో పోయి ఉంటుంది," అన్నాను.

సుబ్బరత్నం నా వైపు చూడలేదు. వాణ్ణి అడిగింది, "ఆ గదిలోనే ఉన్నావా చివరిదాకా? మిగతావాళ్ళకి ఇంటి దగ్గర్నుంచి ఏమన్నా వచ్చినయ్యా?"

"అందరికీ వచ్చినయ్ వదినా. చెన్నపట్నం ఆయనకి కొడుకు పుట్టాడని టెలిగ్రాం ఒక్కరోజులో వచ్చింది."

తిరుగు రైల్లో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గూడూరులో టీ తీసుకోలేదు. నెల్లూరులోనూ తీసుకోలేదు.

14 ఫిబ్రవరి

నా పాత లాల్చీ ఉతకడానికి తీస్తే జేబులో చింపిన టెలిగ్రాం ఫారం ముక్కలు దొరికాయట. బల్ల మీద వరసగా పేర్చి పెట్టింది. అన్నం వడ్డించింది. ఆ బల్ల మీదే తిన్నాను.

27 ఫిబ్రవరి

ప్లీడరు ఉత్తరం రాశాడు. అసలు సొంతదారు ముందుకొచ్చి, ఇతనికి తెలియకుండా పెట్టానంటే ఇతను జరిమానాతో బయటపడతాడట. సొంతదారుకి ఏడాదో రెండేళ్ళో పడొచ్చట. "తమరికి ఎవరైనా తెలిసినట్టయితే" అని రాశాడు. ఘటికుడు. నా డబ్బు తింటూ నాకే.

సుబ్బరత్నం అంది, "నేనొచ్చి చెబుతా. నేనే చుట్టానని."

"చెప్పు. నీకూ జైలే. అందరూ లోపల కూర్చుంటే కొట్టు ఎవరు చూస్తారు?"

నేను ఒక్కణ్ణి జైలుకి వెళితే పదిమంది బతుకు పోతుంది. కొట్లో గుమాస్తాలు, సరుకిచ్చే నేతగాళ్ళు, వాయిదాల వాళ్ళు. వాడు వెళితే ఎవరిది పోతుంది? మగ్గాలు కూడా లేవు. బయట ఉండి చేసేదేముంది? లెక్క చూసుకుంటే ఇదే సబబు.

8 మార్చి

కోర్టు.

నన్ను పిలిచారు. ఈ ముద్దాయి మీకేమవుతాడు అన్నారు. తమ్ముడు అన్నాను. ఈ నోట్ల గురించి మీకేమైనా తెలుసా? వాడు బోనులోంచి నన్ను చూస్తున్నాడు. తల కొద్దిగా అడ్డంగా ఆడించాడు, చెప్పొద్దు అన్నట్టు. చిన్నప్పుడు నాన్న బెత్తం తీసుకుంటే ఇలాగే ఆడించేవాడు, జామకాయలు తిన్నది ఇద్దరం అయినా సరే.

భయం వేసింది.

"తెలీదండీ," అన్నాను.

వాడు ఊపిరి వదిలాడు. నవ్వు మొహం పెట్టాడు.

ఏడాది శిక్ష. బయటికొచ్చి ప్లీడరుకి మిగతా డబ్బిచ్చాను. రసీదు తీసుకున్నాను.

9 మార్చి

మద్రాసు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. తాళంచెవి పక్కింటివాళ్ళ దగ్గర ఉంచింది. రాట్నం లేదు. పెడన వెళ్ళిందట.

రెండు రోజుల్లో వస్తుంది.

15 మార్చి

రాలేదు.

19 మార్చి, ఆదివారం

హనుమాయమ్మ వచ్చింది. ఒక్కతే. ఈసారి కూడా వరండాలోనే.

"ఎవరిదో మగ్గం కూలికి తీసుకున్నామండీ. నేను నేస్తున్నా. అక్క కండెలు చుడుతోంది."

"ఎప్పుడొస్తుంది?"

"రాదండీ. మీరు కూడా రావద్దని చెప్పమంది."

అని కొంగు ముడి విప్పి చిన్న పొట్లం తీసింది. ఆయన సామానులో నేరానికి సంబంధం లేనివి వెనక్కి ఇచ్చారట. ధోవతి, దువ్వెన, ఇది.

"మీకు తెచ్చారంట బావగారూ. పోయినసారి జైల్లో చూసినప్పుడు మరీమరీ చెప్పారు, అన్నయ్యకి ఇవ్వడం మర్చిపోవద్దని."

కలం. నల్లది, బంగారు రంగు పాళీ. రసీదు కూడా చుట్టి ఉంది. ఎనిమిది డాలర్లు. పూర్తిగా ఎనిమిది.

"అక్కడ పదిహేడు రోజులూ ఒక్క కాఫీ కూడా కొనుక్కోలేదంట," అంది. "మీ కలం కక్కుద్దంట గదా."

నేను ఏమన్నానో గుర్తు లేదు. కూర్చోమన్నానేమో. ఆ అమ్మాయి అప్పటికే మెట్లు దిగింది. బ్యాంకులో నేను కట్టిన అరవై ఎనిమిది రూపాయలు కొంగులోంచి తీసి, లెక్కపెట్టి, గడప మీద పెట్టి మరీ వెళ్ళింది.

20 మార్చి

కొత్త కలంతో రాస్తున్నాను. బాగా నడుస్తోంది. ఇంతసేపటికి ఒక్క మరక లేదు.

ముందు నా పేరు రాసి చూశాను. తరువాత వాడి పేరు. తరువాత "ఆ నోట్లు నావి" అని రాశాను, పాళీ ఎలా సాగుతుందో చూద్దామని. సాఫీగా సాగింది. దాని కింద సంతకం కూడా పెట్టాను. ఆ కాగితం ప్లీడరుకి పోస్టు చేస్తే ఏమవుతుందా అని కాసేపు కూర్చున్నాను. తరువాత చింపాను. చించేముందు తారీఖు వెయ్యలేదు, అది మంచిదయింది.

ఈ డైరీ కూడా ఉంచకూడదు. ఉత్తరం అంటించి ఉంది, కండెల సంగతి ఉంది, టెలిగ్రాం సంగతి ఉంది. ఎవడి చేతిలో పడినా ప్రమాదం. ఇవాళే పొయ్యిలో పెట్టాలి. కొత్తది కొనుక్కుంటాను, కలం ఎట్టాగూ కొత్తదే.

వంటింట్లో అన్నీ వెతికాను. పదకొండు రోజులుగా హోటల్ భోజనమే కాబట్టి అటువైపు వెళ్ళలేదు. కట్టెలు ఉన్నాయి, కిరసనాయిలు ఉంది. అగ్గిపెట్టె ఎక్కడ పెడుతుందో సుబ్బరత్నం నాకు ఎప్పుడూ చెప్పలేదు.